ఫైలు చేతిలో ఉండగా

గుట్ట మీది కాలనీ వాళ్ళు తమ నీళ్ళ సంఘానికి టైలరమ్మను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నప్పుడు ఆమె ఆ గదిలోనే లేదు. ఎవరో పిల్లాడి స్కూలు చొక్కాకు గుండీలు ఊడిపోయాయంటే కుట్టిచ్చి వస్తానని లేచి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఎందుకో తెలియక తనూ కొట్టింది.

"నీకే కొడుతున్నారే పిచ్చిదానా, కూర్చో" అంది అత్తగారు చెయ్యి పట్టి లాగి.

ఆ కాలనీ ఇళ్ళు గుట్ట వాలు మీద వరుసలు వరుసలుగా ఉంటాయి. ఊరి నీళ్ళ పైపు గుట్ట అడుగు దాకా వచ్చి ఆగిపోయింది. పైకి ఎక్కాలంటే పంపు కావాలి, గుట్ట నెత్తిన ట్యాంకు కావాలి, ఇంటింటికీ గొట్టాలు కావాలి. అవేవీ లేవు కనుక పొద్దున్నే ఒక ట్యాంకరు వచ్చి కింది మలుపులో నిలబడేది. హారన్ వినబడితే చాలు, ఎక్కడి పనులక్కడ వదిలేసి జనం బిందెలతో, డబ్బాలతో దిగేవారు. దిగడం తేలికే. నిండు బిందెతో ఎక్కడమే కష్టం. పై వరుసల్లో నడుము నొప్పి లేని ఇల్లంటూ లేదు.

టైలరమ్మ ఇల్లు మధ్య వరుసలో ఉంది. ముందు గదిలో కుట్టు మిషను, కత్తిరించిన గుడ్డల గుట్టలు, గోడకు వేలాడే యూనిఫాంలు. వెనక గదిలో ఆమె, అత్తగారు. భర్త పెళ్ళయిన కొన్నేళ్ళకే జబ్బు చేసి పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటికి వెళ్ళిపొమ్మని అత్తగారు అనలేదు, వెళ్తానని కోడలూ అనలేదు. అలా ఏమీ అనుకోకుండానే ఇద్దరూ ఒకరికొకరు మిగిలారు. పొద్దస్తమానం పోట్లాడుకునేవారు. ఆ ఇంట్లోంచి అరుపులు వినబడకపోతే ఎవరికో ఒంట్లో బాగాలేదని పక్కింటివాళ్ళు వచ్చి తొంగి చూసేవారు.

పని నెత్తిన పడ్డాక దాని అంతు చూడకుండా వదిలే రకం కాదు టైలరమ్మ. చిన్న ఊళ్ళూ కాలనీలూ తామే సంఘం పెట్టుకుని నీళ్ళ ఏర్పాటు చేసుకుంటామంటే ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పిస్తుందనీ, ఏళ్ళ తరబడి నీళ్ళ బిల్లులోంచే కొంచెం కొంచెం తీర్చుకోవచ్చనీ, మరీ పేద కాలనీ అయితే కొంత భాగం మాఫీ కూడా చేస్తుందనీ ఆమె పేపర్లో చదివింది. సంఘాన్ని రిజిస్టరు చేయించింది. దరఖాస్తు పెట్టింది. వాళ్ళు అడిగినవన్నీ సమకూర్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఒక ఎండాకాలం పొద్దున, నీటి రుణాల ఆఫీసు నుంచి పరిశీలనకు మనిషి వచ్చాడు.

ఆయన గొడుగు వేసుకుని గుట్ట ఎక్కాడు. ఎండకే వేసుకున్నాడు. కానీ వాన మొహం చూసి ఎన్నాళ్ళో అయిన ఆ కాలనీలో గొడుగు కనబడగానే పిల్లలు వెంటపడ్డారు. మధ్య వరుసకు చేరేలోపే ఆయనకు పేరు స్థిరపడిపోయింది. గొడుగు సారు.

"ప్రెసిడెంటు గారి ఇల్లు ఇదేనాండీ?" అని గుమ్మంలో నిలబడి అడిగాడు. నడివయసు మనిషి. మాట్లాడే ముందు ఒకసారి ఊపిరి పీల్చుకోవడం అలవాటు.

టైలరమ్మ పెదాల మధ్య గుండుసూదులున్నాయి. అవి తీసేలోపు అత్తగారే జవాబు చెప్పేసింది. "ప్రెసిడెంటూ ఇదే, దర్జీ ఇదే, నా కోడలూ ఇదే. వీళ్ళలో మీకెవరు కావాలి నాయనా?"

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "ముందు ప్రెసిడెంటు గారండీ" అన్నాడు.

అప్పు ఇచ్చే ముందు ఆ ఆఫీసు వాళ్ళకు చాలా సంగతులు తెలియాలి. ఎవరి సంపాదన ఎంత, నెలనెలా బిల్లు కట్టగలరా, ట్యాంకు ఎక్కడ కడతారు, ఈ సంఘం రేపు కొట్టుకుని విడిపోదు కదా. అందుకని గొడుగు సారు తరచుగా రావలసి వచ్చింది. ఇంటింటికీ తిరగాలి. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి సంపాదన ఎంత అంటే ఎవరు చెబుతారు? నీళ్ళు నమిలేవారు. టైలరమ్మ మిషను ఆపి వెంట వెళ్ళేది. ఆమె గుమ్మంలో కనబడితే తలుపులు తెరుచుకునేవి.

కింది వరుసలో లాండ్రీ బాబాయి ఉన్నాడు. కాలనీ అంతటికీ ఆయన బాబాయే. ఆదాయం ఎంత అని అడిగితే ఆయన చేతులు తుడుచుకుని తీరిగ్గా కూర్చున్నాడు.

"ఆదాయమా సార్? ఉతికితే వస్తుంది. ఉతకాలంటే నీళ్ళుండాలి. నీళ్ళు రావాలంటే మీ లోను రావాలి. లోను రావాలంటే నా ఆదాయం చెప్పాలి. ఇందులో ముందు ఏది మొదలెట్టాలో మీరే చెప్పండి."

గొడుగు సారు నవ్వలేదు. "ఇది ఇలాగే రాసుకుంటాను బాబాయి గారూ. మా ఆఫీసులో ఇంత సూటిగా ఎవరూ చెప్పరు" అని నిజంగానే రాసుకున్నాడు. ఆ మాట సాయంత్రానికల్లా పై వరుస దాకా ఎక్కింది. ఆ తర్వాత ఆయనతో ఎవరూ నీళ్ళు నమలలేదు.

ట్యాంకు కట్టే చోటు చూపించడానికి టైలరమ్మ ఆయన్ని గుట్ట నెత్తికి తీసుకెళ్ళింది. అక్కడ గాలి జోరుగా ఉంది. ఆమె పైట నడుముకు దోపుకుని, చేతులు బార్లా చాపి, ట్యాంకు ఎంత వెడల్పు ఉంటుందో నడిచి చూపించింది. గొట్టం ఎక్కడ దిగుతుందో, ఎక్కడ చీలుతుందో వేలితో గాలిలో గీసింది. మాట్లాడుతూ మాట్లాడుతూ చిన్నపిల్లలా ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి దూకింది.

"నేల పరీక్ష చేయించారా ప్రెసిడెంటు గారూ?"

"ఎప్పుడో సెల్ టవర్ వాళ్ళు వస్తామన్నప్పుడు చేయించారు సార్. వాళ్ళు రాలేదు గానీ కాగితం మా దగ్గరుంది."

"సరే, అది ఇవ్వండి చాలు" అన్నాడు ఆయన.

ఒకరోజు ఆయన చొక్కా చేతి గుండీ వేలాడుతోంది. టైలరమ్మ కంటికి అలాంటిది కనబడితే ఇక మాట మీద ధ్యాస ఉండదు. "ఏమనుకోకండి, చెయ్యి ఇలా పెట్టండి" అని సూది ఎక్కించింది. ఆయన బల్ల మీద చెయ్యి పెట్టి, డాక్టరు దగ్గర కూర్చున్నవాడిలా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆమె వంగి దారం పళ్ళతో తెంపింది. అయిపోయాక కూడా ఆయన కొంచెంసేపు చెయ్యి తియ్యలేదు.

వెనక గదిలోంచి అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారు నాయనా?" అని అడిగింది టీ అందిస్తూ.

"నేనూ, ఒక రేడియో అండీ."

"పెళ్ళి?"

"నాన్నగారు పోయారు. తమ్ముళ్ళ చదువులు, చెల్లెలి పెళ్ళి అన్నీ అయ్యాయి. వెనక్కి తిరిగి చూసుకునేసరికి నా సంగతి ఎవరికీ గుర్తులేదు. నాకూ గుర్తులేదు."

"అత్తయ్యా, సార్‌ని టీ తాగనియ్యి" అంది టైలరమ్మ మిషను మీంచి తలెత్తకుండా.

"తాగొద్దన్నానా?" అంది అత్తగారు.

పరిశీలన పూర్తయింది. గొడుగు సారు ఆఫీసులో కూర్చుని నివేదిక రాయడం మొదలుపెట్టాడు. కుటుంబాల సంగతి రాశాడు, పంపు సంగతి రాశాడు. 'సంఘం నాయకత్వం' అన్న చోటికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. అధ్యక్షురాలు సమర్థురాలు, నిజాయితీపరురాలు అని రాశాడు. అది నిజమే. కానీ రాసింది పరిశీలకుడా, తను చెయ్యి పెట్టిన బల్ల దగ్గరికి ఏదో ఒక వంకతో మళ్ళీ వెళ్ళాలని చూస్తున్న మనిషా అన్నది ఆయనకే తేలలేదు. కొట్టేశాడు. మళ్ళీ రాశాడు. మధ్యాహ్నమంతా అలాగే గడిచాక లేచి పై అధికారి గదిలోకి వెళ్ళాడు.

"ఈ ఫైలు ఇంకొకరికి ఇవ్వండి సార్. ఆ సంఘం అధ్యక్షురాలంటే నాకు ఇష్టం."

పై అధికారి కళ్ళజోడు తీసి చూశాడు. "ఆవిడకు చెప్పావా?"

"లేదు."

"ఆవిడేమైనా అడిగిందా నిన్ను?"

"లేదండీ. ఆవిడకు ఈ సంగతే తెలీదు."

"ఇంకేంటయ్యా మరి! సంతకం పెట్టేసి, తర్వాత వెళ్ళి మాట్లాడుకో. ఫైలు మారిస్తే మళ్ళీ మొదటి నుంచీ చూడాలి. ఈ ఏడాది లోన్లలో వాళ్ళకు చోటు దొరకదు. పాపం కదా?"

"పాపమే సార్" అన్నాడు గొడుగు సారు. అయినా ఫైలు బల్ల మీద పెట్టేశాడు.

ఆ సంగతి టైలరమ్మకు ఉత్తరంలో తెలియడం ఆయనకు ఇష్టం లేదు. స్వయంగా గుట్ట ఎక్కాడు. టైలరమ్మ యూనిఫాం లాగులకు అంచులు మడుస్తోంది. ఫైలు చేతులు మారిందనీ, వచ్చే ఏడు దాకా ఆగాలనీ ఆయన చెబుతుంటే ఆమె కాలు మిషను మీద నెమ్మదించి, ఆగిపోయింది.

"ఎందుకు సార్? మేం ఎక్కడ తప్పు చేశాం?"

"మీరు చెయ్యలేదండీ." ఊపిరి పీల్చుకున్నాడు. "మీ గురించి నేను మంచిగా రాస్తే, అది ఆఫీసు పని చేసినట్టు కాదు. నా మనసులో మాట రాసినట్టవుతుంది. అందుకని తప్పుకున్నాను."

ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. సిగ్గుతో అని ఆయన అనుకున్నాడు గానీ, కోపంతో.

"బయటికి చూడండి సార్ ఒకసారి. బిందెలు మోస్తున్నారు. మీ మనసులో ఏదో వచ్చిందని వీళ్ళు ఇంకో ఏడాది మొయ్యాలా? మీరొక్కరే అనుకున్నారు, మీరొక్కరే నిర్ణయించేశారు. నన్నొక మాట అడిగారా?"

"అడగకూడదండీ."

"ఎందుకు అడగకూడదు?"

"ఫైలు నా చేతిలో ఉండగా అడిగితే మీరు కాదనలేరు."

ఆ మాటకు ఆమె కోపం ఇంకా పెరిగింది. "వెళ్ళండి" అంది. ఆయన వెళ్ళాడు. ఆమె మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది గానీ అంచు వంకరపోయింది. విప్పి కుట్టింది. మళ్ళీ వంకరే వచ్చింది.

అప్పు ఈ ఏడు రాదన్న కబురు కాలనీలో గుప్పుమంది. కారణం మాత్రం ఎవరికీ తెలీదు. తెలియని చోట మనుషులు ఊరుకోరు కదా. గొడుగు సారు లంచం అడిగాడని ఒకరన్నారు. టైలరమ్మ ఇవ్వనందని ఇంకొకరు. ఆయన కింది ట్యాంకరు వాళ్ళ మనిషని వేరొకరు. ఆదివారం స్కూలు వరండాలో సంఘం కూడింది.

"చెప్పమ్మా ప్రెసిడెంటూ, ఆ గొడుగాయన ఎంత అడిగాడు?" అన్నాడు లాండ్రీ బాబాయి లేచి.

టైలరమ్మ ఆ మాటకు ఊ కొడితే సరిపోయేది. తన మీదికి ఏమీ రాదు. ఆయన ఎలాగూ మళ్ళీ ఈ గుట్ట ఎక్కడు. ఆమె వరండా స్తంభాన్ని పట్టుకుని కాసేపు నిలబడింది.

"ఆయన పైసా అడగలేదు బాబాయ్. అలాంటి మాట ఎవరూ అనొద్దు. ఆయన..." గొంతు సవరించుకుంది. "ఆయనకు నన్ను అడగాలనిపించిందట. ఫైలు చేతిలో పెట్టుకుని అడగడం తప్పని, ఫైలు వదిలేశాడు."

పిల్లలు కూడా ఏదో జరిగిందని ఆట ఆపారు.

"మరి నువ్వేమన్నావు?" అని లాండ్రీ బాబాయి నెమ్మదిగా అడిగాడు.

"వెళ్ళిపొమ్మన్నాను."

"అయ్యో!" అని ఎవరో వెనక నుంచి గట్టిగా నిట్టూర్చారు. నలుగురు నవ్వారు. అందరూ నవ్వలేదు. పై వరుస చివరింట్లో ఉండే, కాలనీ అంతా వదినా అని పిలిచే ఆమె లేచింది. నడుముకు పట్టీ కట్టుకుని తిరిగే మనిషి. ఇద్దరు చంటిపిల్లలు ఆమెకి.

"మీకు నవ్వులాటగా ఉంది. ఆయన మంచివాడే, నువ్వూ మంచిదానివే. మీ మంచితనానికి నా నడుము విరగాలా? ఏడాది, అక్కా! ఏడాదంటే నువ్వు అనుకున్నంత చిన్నదేం కాదు, నా ఇంటి దాకా మోసి చూడు!"

"నిజమే" అంది టైలరమ్మ. "నువ్వన్నది నిజం. నేను ప్రెసిడెంటుగా తప్పుకుంటాను."

"తప్పుకుంటే నీళ్ళొస్తాయా?" అంది ఆ వదిన ఇంకా కోపంగా. "తప్పుకోకు. తెచ్చిపెట్టు."

మర్నాటి నుంచి టైలరమ్మ ట్యాంకరు దగ్గర తన బిందె కంటే ముందు ఆ వదిన బిందెల్లో ఒకదాన్ని నింపి, చివరి వరుస దాకా మోసి గుమ్మంలో దించి వచ్చేది. వదిన ఆమెతో మాట్లాడేది కాదు. బిందె మాత్రం తీసుకునేది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం కోడలు గుమ్మంలో కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటుంటే అత్తగారు వచ్చి పక్కన కూలబడింది. ఆమె కాళ్ళు తన ఒళ్ళోకి లాక్కుని నూనె రాయడం మొదలుపెట్టింది.

"వద్దత్తయ్యా."

"నోర్మూసుకో." కాసేపు రాసింది. "నా కొడుకు పోయాక నువ్వు నా దగ్గరే ఎందుకుండిపోయావో నేనెప్పుడూ అడగలేదు. ఎందుకో తెలుసా? అడిగితే నీకు గుర్తొచ్చి వెళ్ళిపోతావేమోనని."

టైలరమ్మ నవ్వబోయింది. అత్తగారి మొహం చూసి ఆగింది.

"నాకు ఎక్కడికి వెళ్ళాలనీ అనిపించలేదు అత్తయ్యా."

"అప్పుడు అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది. రెండు రోజుల్నుంచి చొక్కాలకి గుండీలు తలకిందులుగా కుడుతున్నావు. నేను విప్పి కుడుతున్నాను."

"అది కళ్ళు సరిగ్గా కనబడక..."

"నాకు కనబడుతున్నాయా మరి?" అత్తగారు చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. "నిన్ను పంపించేస్తే నేను బతకలేను. అది నా స్వార్థం, దాచుకోను. అందుకని నువ్వెళ్ళక్కర్లేదు. ఆయన్నే ఇక్కడికి రమ్మను. గొడుగు పెట్టుకోవడానికి తలుపు పక్కన మూల ఖాళీగానే ఉంది."

కోడలు అత్తగారి భుజం మీద తల ఆనించింది. వీధిలో పోయేవాళ్ళకి ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం వింతగా తోచి ఉంటుంది.

కొత్త ఏడాది ఫైలు పట్టుకుని ఒక అధికారిణి వచ్చింది. వయసులో చిన్నది. నవ్వదు, టీ తాగదు, కూర్చోమంటే నిలబడే మాట్లాడుతుంది. మొదటి రోజే టైలరమ్మతో ముక్కుసూటిగా చెప్పింది.

"మా సారు ఈ ఫైలు ఎందుకు వదిలేశారో నాకు తెలుసు. దానివల్ల మీకు లాభమూ ఉండదు, నష్టమూ ఉండదు. అన్నీ మొదటి నుంచి చూస్తాను."

చూసింది. ఇళ్ళన్నీ తిరిగింది. గుట్ట నెత్తికి ఎక్కి సెల్ టవర్ వాళ్ళ కాగితం చదివి, "ఇది చెల్లదు. ఎవరో ఎప్పుడో చేసింది. పైగా టవర్ బరువు వేరు, నీళ్ళ బరువు వేరు" అంది. మనుషులను తెచ్చి నేలలోకి లోతుగా తవ్వించింది. టైలరమ్మ అక్కడే నిలబడి చూసింది. పైన రాయి ఉంది. రాయి కింద మాత్రం మెత్తటి మట్టి ముద్దలు ముద్దలుగా పైకి వచ్చింది. అధికారిణి ఆ మట్టిని వేళ్ళతో నలిపి చూపించింది.

"ఇక్కడ ట్యాంకు కట్టి నింపితే, ఒక పెద్ద వాన పడ్డప్పుడు ఈ పక్కంతా జారిపోతుంది. జారితే ముందుగా ఆ ఇల్లు."

ఆమె వేలు చూపించింది పై వరుస చివరింటిని. గుమ్మంలో వదిన పిల్లకు అన్నం తినిపిస్తోంది.

టైలరమ్మ అక్కడే రాయి మీద కూర్చుంది. తను బార్లా చేతులు చాపి చూపించిన చోటు అది. తను దూకిన రాయి అది.

"గుట్టకు అటు పక్క నేల గట్టిగా ఉంది. ట్యాంకు అక్కడ కడదాం. గొట్టం కొంచెం పొడుగవుతుంది, అంతే" అంది అధికారిణి. వెళ్ళబోతూ ఆగి, "కంగారు పడకండి. ఇంకా కట్టలేదు కదా" అంది. ఆమె నోట వచ్చిన మెత్తటి మాట అదొక్కటే.

ఆ సాయంత్రమే టైలరమ్మ వదిన ఇంటికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. వదిన పిల్లను ఎత్తుకుని చాలాసేపు గుట్ట నెత్తికేసి చూసింది.

"ఆయన ఆ రోజు సంతకం పెట్టేసి ఉంటే..." అని ఆగింది. తర్వాత, "అయినా నా కోపం పోలేదక్కా. ఏడాది మోశాను" అంది. కానీ లోపలికి వచ్చి కూర్చోమంది.

మర్నాడు మధ్యాహ్నం టైలరమ్మ నీటి రుణాల ఆఫీసుకి వెళ్ళింది. లోపలికి వెళ్ళలేదు. ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చుంది. గొడుగు సారు భోజనాల వేళ బయటికి వచ్చి ఆమెను చూసి, రోడ్డు దాటడం మర్చిపోయి నిలబడ్డాడు. ఒక సైకిలతను తిట్టాక దాటాడు.

ఆమె నేల సంగతి చెప్పింది. వింటూ ఆయన బల్ల చివర కూర్చుండిపోయాడు.

"ప్రతి ఫైలుకీ నేల పరీక్ష మళ్ళీ చేయిస్తానండీ. ఒక్కసారి కూడా వదల్లేదు. మీ ఫైలుకి ఎందుకు వదిలేశానో..."

"ఎందుకంటే ఆ రోజు మీరు నేలకేసి చూడలేదు. నాకేసి చూశారు."

ఆయన తల వంచుకున్నాడు. "అవును" అన్నాడు.

"నేను మాత్రం? రాళ్ళ మీద గంతులేస్తూ ట్యాంకు ఇంత ఉంటుంది అంత ఉంటుందని ఊహల్లో ఉన్నాను. కాగితం చాలన్నారు, హమ్మయ్య అనుకున్నాను." ఆమె టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. "మీకు సరిగ్గా కనబడటంలేదని మీకే తెలిసింది చూడండి. తెలిసి పక్కకు జరిగారు. ఆ రోజు నాకది అర్థంకాలేదు. ఇంట్లోంచి వెళ్ళమన్నాను."

"ఆ కోపం న్యాయమైనదేనండీ. ఏడాది బిందెలు మోసింది మీరూ వాళ్ళూ, నేను కాదు."

కొట్టతను వచ్చి ఇంకో టీ కావాలా అని అడగబోయి, ఇద్దరి మొహాలూ చూసి, అడక్కుండానే పెట్టి వెళ్ళాడు.

"ఫైలు ఇంకా ముగియలేదు" అంది టైలరమ్మ. "మాకు అప్పు మంజూరయ్యేదాకా మీరు గుట్ట ఎక్కొద్దు. నేను ఇటు రాను. ఇవాళ వచ్చింది కూడా తప్పేనేమో."

"తప్పేనండీ" అన్నాడు ఆయన. కానీ లేవలేదు.

"మంజూరయ్యాక మా అత్తగారు మిమ్మల్ని టీకి పిలుస్తారు."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "అత్తగారేనా?"

"ఆవిడ పిలిచారంటే నేను కాదనలేను" అని టైలరమ్మ లేచి, పైట సర్దుకుని, వెనక్కి చూడకుండా బస్టాపు వైపు నడిచింది. నవ్వు దాచుకోవడానికే వెనక్కి చూడలేదని కొట్టతనికి ఇట్టే తెలిసిపోయింది.

అప్పు మంజూరైంది. కొంత భాగం మాఫీ కింద పోయింది, మిగతాది నీళ్ళ బిల్లులో కట్టుకుంటూ పోవాలి. కాలనీ మగవాళ్ళూ ఆడవాళ్ళూ సెలవు రోజుల్లో కాలవలు తవ్వారు. లాండ్రీ బాబాయి అందరికంటే ఎక్కువ తవ్వి, అందరికంటే ఎక్కువ మాట్లాడాడు. మంజూరైన వారంలోనే అత్తగారు మాట నిలబెట్టుకుంది. టీ కప్పు ఇంకా ఖాళీ కాకముందే గొడుగు సారు అడగాలనుకున్నది అడిగాడు. ఈసారి టైలరమ్మ వెళ్ళమనలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళయింది. పెళ్ళికొడుకు చొక్కా టైలరమ్మే కుట్టింది. సాక్షి సంతకాల్లో ఒకటి అత్తగారిది. రెండోది నవ్వడం రాని ఆ చిన్న అధికారిణిది. సంతకం పెట్టి, "నా పరిశీలనలో అభ్యంతరాలేమీ లేవు" అంది. అందరూ పగలబడి నవ్వితే ఎందుకు నవ్వుతున్నారో తెలియనట్టు చూసింది.

ట్యాంకు నిండిన రోజున గొట్టాల్లోకి మొదటిసారి నీళ్ళు వదిలారు. ట్యాంకుకు దగ్గర కనుక ముందుగా చేరింది పై వరుస చివరింటికి. కొళాయి గురగురమని, దగ్గి, ఎర్రటి నీళ్ళు కక్కి, తర్వాత తేటపడింది. వదిన గుమ్మంలోకి వచ్చి గుట్ట అడుగు దాకా వినబడేటట్టు కేక పెట్టింది. "వచ్చేశాయి! అక్కా, వచ్చేశాయి!" ఆ కేకలో కోపం ఎక్కడా లేదు.

కేక ఒక్కో వరుసా దిగుతూ మధ్య వరుసకు వచ్చింది. టైలరమ్మ ఇంటి వెనక కొళాయి తెరిచింది. పరుగున లోపలికి వెళ్ళి అత్తగారిని లాక్కొచ్చి పీట మీద కూర్చోబెట్టి, ఆమె తెల్లటి జుట్టు ముడి విప్పింది. గొడుగు సారు తువ్వాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

చెంబు మీద చెంబు పోస్తుంటే అత్తగారు ఉక్కిరిబిక్కిరై కేకలేసింది. "చాలే! చాలు! ఒక్క తలకు ఎన్ని నీళ్ళు పోస్తావే, ఎవరైనా చూస్తే తిడతారు!"

"ఎవరూ తిట్టరత్తయ్యా. కొళాయిలోంచే వస్తున్నాయి."

అత్తగారు కళ్ళు మూసుకునే ఒక చెయ్యి చాపి, పడుతున్న నీళ్ళ ధార కింద పెట్టింది. అలా కాసేపు ఉంచింది.

"అయితే ఇంకొంచెం పొయ్యి" అంది.